80 వేలలో మొదటి గేమింగ్ పీసీ: మీ కొటేషన్ చూశాక నేను చెప్పేది

మీరు అడిగింది ఇదీ. హైదరాబాద్ నిజాంపేటలో ఉంటారు, బీటెక్ రెండో ఏడు. మానిటర్‌తో కలిపి 80 వేలు దాటకూడదని నాన్నగారు చెప్పారు. సీటీసీలో (సికింద్రాబాద్‌లో కంప్యూటర్ దుకాణాలుండే చెనాయ్ ట్రేడ్ సెంటర్) ఒక దుకాణంవాళ్లు కాగితం మీద ఇలా రాసిచ్చారు: ‘ఐ7 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్ఎస్‌డీ, 8 జీబీ గ్రాఫిక్స్, ఎస్ఎంపీఎస్‌తో గేమింగ్ క్యాబినెట్, 24 అంగుళాల మానిటర్, మొత్తం 74 వేలు’. రోజూ వాలరెంట్ ఆడతారు, సెలవుల్లో సైబర్‌పంక్ లాంటి పెద్ద గేమ్‌లు ఆడాలని ఉంది. ఇది తీసుకోవచ్చా, లేక పార్టులు విడిగా ఎంచుకోవాలా, అలాగైతే ఎక్కడ మొదలుపెట్టాలి అన్నది మీ ప్రశ్న.

ఈ కాగితాన్ని నమ్మి అడ్వాన్స్ ఇవ్వకండి. ఇందులో ఒక్క వస్తువుకూ మోడల్ నంబరు లేదు. 74 వేలకు మీకు ఏం ఇస్తారో ఈ కాగితం చూసి ఎవరూ చెప్పలేరు. విడిగానే ఎంచుకోండి. ముందు మానిటర్ తేల్చుకోండి, దాన్ని బట్టి గ్రాఫిక్స్ కార్డ్, ఆ కార్డ్‌కు తగిన ప్రాసెసర్, చివరికి వీటన్నిటికీ కరెంటు అందించే ఎస్ఎంపీఎస్ (పవర్ సప్లై డబ్బా). డబ్బు చాలకపోతే ప్రాసెసర్‌లో తగ్గించండి, ఎస్ఎస్‌డీలో తగ్గించండి, రంగు లైట్లు మానేయండి. ఎస్ఎంపీఎస్‌లో మాత్రం తగ్గించకండి. 2009 నుంచి సీటీసీకి తిరుగుతున్నాను, మూడేళ్లు అక్కడే ఒక దుకాణంలో సిస్టమ్‌లు బిగించాను, ఇప్పుడు తెలిసినవాళ్లకు చేసి పెడుతుంటాను. ఇన్నేళ్లలో నా దగ్గరికి చచ్చిపోయి వచ్చిన సిస్టమ్‌లలో ఎక్కువ వాటికి జబ్బు మొదలైంది అక్కడే.

ముందు మీ కాగితం సంగతి చూద్దాం. ఐ7 అన్న పేరు 2008 నుంచి ఉంది. 2012లో వచ్చిన ఐ7-3770 కూడా ఐ7నే. దానికి నాలుగు కోర్లు (పని చేసే భాగాలు), ఎనిమిది థ్రెడ్‌లు (ఒకేసారి నడిపే పనుల వరసలు), వాడేది పాత రకం డీడీఆర్3 ర్యామ్. పదేళ్ల తర్వాత వచ్చిన ఐ3-12100కు కూడా నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్‌లే, కానీ ఆ చిన్న ఐ3 ముందు ఆ పాత ఐ7 నిలవదు. పాత ఆఫీసు సిస్టమ్‌ల నుంచి తీసిన ప్రాసెసర్లకు కొత్త క్యాబినెట్ తొడిగి ‘ఐ7 గేమింగ్ పీసీ’ అని అమ్మడం నేను కళ్లారా చూశాను. మీకు ఇంకో చిక్కు కూడా ఉంది. విండోస్ 11కు ఇంటెల్‌లో ఎనిమిదో తరం లేదా ఆపైది కావాలి. విండోస్ 10కు మామూలు సపోర్ట్ 2025 అక్టోబరులో ముగిసింది. విండోస్ 11 మీద వాలరెంట్ నడవాలంటే టీపీఎం 2.0 (సిస్టమ్‌లోని భద్రతా భాగం), సెక్యూర్ బూట్ (నమ్మదగిన సాఫ్ట్‌వేర్‌తోనే సిస్టమ్ మొదలయ్యేలా చూసే సెట్టింగ్) రెండూ ఉండాలి. అంటే పాత ఐ7 అంటగడితే మీరు రోజూ ఆడే గేమ్ దగ్గరే ఇబ్బంది మొదలవుతుంది.

‘8 జీబీ గ్రాఫిక్స్’ అన్నదీ అంతే. కార్డ్ బలాన్ని జీబీలతో చెప్పడం, బండి బలాన్ని పెట్రోల్ ట్యాంకుతో చెప్పడం లాంటిది. 2017 నాటి ఆర్ఎక్స్ 580కి 8 జీబీ ఉంది, 2025లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 5060కీ 8 జీబీయే ఉంది. ఆర్ఎక్స్ 580లో కూడా రెండు రకాలున్నాయి: అసలుదానికి 2304 కోర్లు, తర్వాత అదే పేరుతో వచ్చిన ఇంకోదానికి 2048. 2022 సెప్టెంబరులో ఎథీరియం మైనింగ్ (గ్రాఫిక్స్ కార్డులతో డిజిటల్ కరెన్సీ సంపాదించే పని) ఆగిపోయాక, రాత్రింబవళ్లు నడిచిన కార్డులు కుప్పలుగా సెకండ్ హ్యాండ్ మార్కెట్‌కు వచ్చాయి. కడిగి, తుడిచి, కొత్త డబ్బాలో పెట్టినవి కూడా చూశాను. అందుకే దుకాణంలో మీరు అడగాల్సిన మొదటి మాట: ‘అన్నా, ప్రతి పార్టుకూ కంపెనీ పేరు, పూర్తి మోడల్ నంబరు, ఎన్నేళ్ల వారంటీ, రాసివ్వండి’. రాసివ్వడానికి ఇష్టపడని చోట కొనకండి.

ఇక ఎంపిక. మానిటర్‌తో ఎందుకు మొదలుపెట్టమన్నానంటే, కార్డ్ ఎంత పని చేయాలో నిర్ణయించేది అదే. 1080పీ తెరలో 20 లక్షల 73 వేల పిక్సెల్స్ ఉంటాయి. 1440పీలో 36 లక్షల 86 వేలు. 4కేలో 82 లక్షల 94 వేలు. ప్రతి ఫ్రేముకూ కార్డ్ అన్ని చుక్కలకూ రంగు లెక్కకట్టాలి. 80 వేల బడ్జెట్‌లో 4కే మానిటర్ కొంటే కార్డ్ ఆయాసపడుతుంది, సెకనుకు 30 ఫ్రేములు చూసి మీరు బాధపడతారు. మీకు 24 అంగుళాల 1080పీ, ఐపీఎస్ ప్యానెల్ (పక్క నుంచి చూసినా రంగులు పెద్దగా మారని రకం), 144 హెర్ట్జ్ (తెర సెకనుకు ఎన్నిసార్లు మారుతుందన్న లెక్క) లేదా ఆపైది చాలు. వాలరెంట్ ఆడేవారికి 60 నుంచి 144కు మారినప్పుడు కనిపించే తేడా చాలా పెద్దది. మీ కాగితంలో హెర్ట్జ్ కూడా లేదు, గమనించారా?

కార్డ్ విషయానికొస్తే, ఈ తెరకు ఆర్‌టీఎక్స్ 5060 గానీ, ఆర్ఎక్స్ 9060 ఎక్స్‌టీ గానీ సరిగ్గా సరిపోతాయి. 9060 ఎక్స్‌టీలో 8 జీబీ, 16 జీబీ రెండూ ఉన్నాయి. ధరలో తేడా మీకు అందేలా ఉంటే 16 జీబీదే తీసుకోండి, ఎందుకంటే సైబర్‌పంక్ లాంటి గేమ్‌లలో టెక్స్చర్లు (వస్తువుల ఉపరితల బొమ్మలు), రే ట్రేసింగ్ (వెలుగునీడలను నిజంలా లెక్కకట్టే పద్ధతి) పెంచితే 8 జీబీ నిండిపోయి ఆట మధ్యలో కుదుపులు వస్తాయి. అందకపోతే 8 జీబీతో టెక్స్చర్లు ఒక మెట్టు తగ్గించి హాయిగా ఆడుకోవచ్చు. ఒకే కార్డ్‌ను రెండు ఫ్యాన్లతో, మూడు ఫ్యాన్లతో అయిదారు కంపెనీలు అమ్ముతాయి. వేగంలో తేడా అతి తక్కువ. హైదరాబాద్‌లో సర్వీస్ సెంటర్ ఉన్న కంపెనీది చూసుకోండి, మిగతా తేడాల కోసం మూడు నాలుగు వేలు ఎక్కువ పెట్టక్కర్లేదు.

ప్రాసెసర్ దగ్గరే కుర్రాళ్లు ఎక్కువ డబ్బు పోస్తారు. మీ పనికి ఆరు కోర్లు చాలు. ఇక్కడ రెండు దారులున్నాయి. రైజెన్ 5 5600, బీ550 మదర్‌బోర్డ్, డీడీఆర్4 ర్యామ్ ఒకటి. రైజెన్ 5 7600, బీ650 బోర్డ్, డీడీఆర్5 ఇంకొకటి. రెండోది కొత్త ఏఎం5 సాకెట్ (బోర్డ్ మీద ప్రాసెసర్ కూర్చునే చోటు). 2027 వరకైనా దీన్ని కొనసాగిస్తామని ఏఎండీ చెప్పింది కాబట్టి రేపు ప్రాసెసర్ ఒక్కటే మార్చుకునే వీలుంటుంది. ఆ వీలు విలువ నాకు స్వయంగా తెలుసు. 2018లో బీ450 బోర్డ్ మీద రైజెన్ 5 2600 పెట్టుకున్నాను. నాలుగేళ్ల తర్వాత బయోస్ (బోర్డ్‌లో ఉండే మూల సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసి అదే బోర్డ్ మీద 5600 పెట్టాను. బోర్డ్, ర్యామ్, విండోస్ ఏదీ మార్చలేదు.

అయితే 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. ఏఐ డేటా సెంటర్లు మెమరీ చిప్పులన్నీ లాగేసుకుంటున్నాయి. దాంతో ఏఎం5 దారి మీ 80 వేలలో కష్టంగానే పడుతుంది. కార్డ్ తగ్గించి ఏఎం5 తీసుకోవాల్సి వస్తే వద్దంటాను. 5600తోనే వెళ్లి ఆ డబ్బు కార్డ్‌లో పెట్టండి. మానిటర్ ఇంట్లో ఉంటేనో, నాన్నగారు ఇంకో పది వేలు కలపగలిగితేనో 7600 తీసుకోండి. ఇంటెల్‌లో ఐ5-12400ఎఫ్ కూడా మంచిదే. చివర ‘ఎఫ్’ ఉన్నవాటిలో లోపల గ్రాఫిక్స్ ఉండవని గుర్తుంచుకోండి. 5600లో కూడా ఉండవు. 7600లో ఉంటాయి, కాబట్టి కార్డ్ ఎప్పుడైనా సర్వీసుకు వెళ్లినా అసైన్‌మెంట్లు ఆగవు.

ర్యామ్ 16 జీబీ చాలు, కానీ ఒకే 16 జీబీ స్టిక్ కాకుండా 8 జీబీవి రెండు తీసుకోండి. రెండు స్టిక్‌లుంటే డ్యుయల్ ఛానెల్ పనిచేస్తుంది, అంటే రెండు దారుల్లో ఒకేసారి డేటా నడుస్తుంది, వాలరెంట్ లాంటి ప్రాసెసర్ మీద ఆధారపడే గేమ్‌లో ఆ తేడా కనిపిస్తుంది. నాలుగు స్లాట్ల బోర్డ్ అయితే ప్రాసెసర్ వైపు నుంచి రెండోది, నాలుగోది వాడాలి. ఎస్ఎస్‌డీకి ఎన్‌వీఎంఈ (వేగమైన రకం) 1 టీబీ దొరికితే మంచిది, ఇవాళ పెద్ద గేమ్ ఒక్కటే 100 జీబీ దాటుతోంది. దాని మీద రాసిన సెకనుకు 7000 ఎంబీ వేగం కోసం ఎక్కువ కట్టొద్దు, 3500దానికీ దానికీ ఆటలో మీకు తేడా తెలియదు.

ఇప్పుడు అసలు విషయం, ఎస్ఎంపీఎస్. దాని పక్కన అంటించిన లేబుల్‌లో చిన్న పట్టిక ఉంటుంది. అందులో 12 వోల్ట్ గడి కింద ఎన్ని ఆంపియర్లో చూడండి. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డ్ రెండూ బతికేది దాదాపుగా ఆ 12 వోల్ట్ మీదే. వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే వాట్లు వస్తాయి. క్యాబినెట్‌తో ఉచితంగా వచ్చిన ఒక డబ్బా మీద పెద్ద అక్షరాలతో 500 వాట్ అని ఉంది. 12 వోల్ట్ గడిలో ఉన్నది 18 ఆంపియర్లు. పన్నెండు పద్దెనిమిదులు 216. అంతే దాని శక్తి. మంచి 550 వాట్ యూనిట్ మీద అదే గడిలో 45 ఆంపియర్ల దాకా ఉంటుంది, అంటే 540 వాట్లు.

దిల్‌సుఖ్‌నగర్‌లో మా బంధువుల అబ్బాయికి ఇలాంటి ‘500 వాట్’దే ఇచ్చారు. గేమ్ తెరిచిన పది నిమిషాలకు సిస్టమ్ టప్పున ఆగిపోయేది. దుకాణంవాళ్లు ముందు విండోస్ మళ్లీ వేశారు. తర్వాత ర్యామ్ మార్చారు. తర్వాత కార్డ్‌ను సర్వీసుకు పంపారు, అది మూడు వారాలకు ‘లోపం లేదు’ అని తిరిగొచ్చింది. నేను వెళ్లి నా దగ్గరున్న మంచి ఎస్ఎంపీఎస్ తగిలిస్తే ఆ సాయంత్రమంతా ఆగకుండా నడిచింది. అప్పటికి వాడి సెలవులు అయిపోయాయి. కూకట్‌పల్లిలో ఇంకొకరి ఇంట్లో ఇంతకంటే ఘోరం జరిగింది: ఎస్ఎంపీఎస్ పేలుతూ మదర్‌బోర్డ్‌ను కూడా తీసుకుపోయింది. కాలిన గుర్తు ఉంది కాబట్టి వారంటీ వర్తించదని బోర్డ్‌ను తిప్పి పంపేశారు. ఆ ఇంటాయన ముఖం నాకింకా గుర్తుంది. ఏడాది పాటు నెల నెలా దాచి కొన్న సిస్టమ్ అది.

మన ఊళ్లో దీనికి ఎండ తోడవుతుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు కదా, ఆ రోజుల్లో మేడ మీద గదిలో మధ్యాహ్నం 38, 40 డిగ్రీలు ఉంటుంది. క్యాబినెట్ లోపల ఇంకా ఎక్కువ. చవక ఎస్ఎంపీఎస్‌లలో 85 డిగ్రీలు తట్టుకునే కెపాసిటర్లు (కరెంటును కాసేపు నిల్వచేసే చిన్న భాగాలు) వాడతారు, మంచివాటిలో 105వి. వేడి పది డిగ్రీలు పెరిగిన ప్రతిసారీ కెపాసిటర్ ఆయుష్షు సుమారు సగానికి పడిపోతుందన్నది ఈ పనిలో అందరూ వాడే లెక్క. ఆ 20 డిగ్రీల తేడా అంటే దాదాపు నాలుగు రెట్ల ఆయుష్షు.

మీకు ఎంత కావాలో లెక్క చూద్దాం. 5060 కార్డ్ 145 వాట్లు, 7600 అయితే పూర్తి లోడ్ మీద 88 (5600కు కొంచెం తక్కువే), బోర్డ్, ఫ్యాన్లు, ఎస్ఎస్‌డీ కలిపి 50 అనుకోండి. మొత్తం 283. కాబట్టి 80 ప్లస్ బ్రాంజ్ (కరెంటు ఎంత తక్కువ వృథా అవుతుందో చెప్పే ముద్ర), 550 వాట్, 5 ఏళ్ల వారంటీ ఉన్నది తీసుకుంటే సగం లోడ్‌తో చల్లగా నడుస్తుంది, రేపు కార్డ్ మార్చినా సరిపోతుంది. 850 వాట్ మీకు అక్కర్లేదు.

క్యాబినెట్‌కు ముందు వైపు అద్దం ఉంటే చూడ్డానికి బాగుంటుంది, గాలి మాత్రం రాదు. ముందు జాలీ ఉన్నది తీసుకోండి. ముందు రెండు ఫ్యాన్లు గాలి లోపలికి లాగాలి, వెనక ఒకటి బయటికి తోయాలి. గది పది డిగ్రీలు వేడెక్కితే లోపలి చిప్పులూ దాదాపు పది డిగ్రీలు వేడెక్కుతాయి, లిక్విడ్ కూలర్ పెట్టినా ఈ లెక్క మారదు. మీ ప్రాసెసర్‌కు డబ్బాలో వచ్చే కూలర్ చాలు. నిజాంపేట వైపు కట్టడాల దుమ్ము ఎక్కువ, కాబట్టి రెండు నెలలకోసారి ఫిల్టర్ కడగండి, సిస్టమ్‌ను నేల మీద పెట్టకండి.

ఇంకోటి, కొనేముందే ఇంట్లో చూసుకోవాల్సింది ఉంది. ఎర్తింగ్. క్యాబినెట్ ముట్టుకుంటే చిన్నగా జివ్వుమంటోందని, ఎస్ఎంపీఎస్ పాడైందా అని నన్ను ఎంతోమంది అడుగుతారు. చాలాసార్లు ఎస్ఎంపీఎస్ మంచిదే, గోడలో ఎర్త్ వైరు లేదు. కరెంటులోని చెత్తను వడకట్టడానికి ఎస్ఎంపీఎస్ లోపల ఉండే కెపాసిటర్లు ఎర్త్ దారి దొరక్కపోతే ఆ వోల్టేజీని క్యాబినెట్ రేకు మీదికి తెస్తాయి. అద్దె ఇల్లయితే యజమానితో మాట్లాడి ఎలక్ట్రీషియన్‌ను పిలిపించండి. మూడో పిన్ను విరగ్గొట్టి రెండు పిన్నుల ప్లగ్గులో పెట్టే పని ఎప్పుడూ చేయకండి, ప్రాణానికి సంబంధించిన విషయం.

స్టెబిలైజర్ అవసరం లేదు, మంచి ఎస్ఎంపీఎస్ 100 నుంచి 240 వోల్టుల దాకా తనే సర్దుకుంటుంది. యూపీఎస్ కావాలి, కానీ అందరూ కొనే 600 వీఏది మీకు చాలదు. అది ఇచ్చేది 360 వాట్లు. పైన చెప్పిన 283 వాట్లకు ఎస్ఎంపీఎస్ గోడ నుంచి సుమారు 335 లాగుతుంది, మానిటర్ ఇంకో 30. ఆట మధ్యలో కరెంటు పోతే యూపీఎస్ కూడా చేతులెత్తేస్తుంది. 1000 వీఏ చూడండి. ఇది మీ 80 వేలలో పట్టదు, రెండు మూడు నెలల్లో విడిగా కొనుక్కోండి. అప్పటిదాకా వానాకాలంలో ఉరుములు మొదలైతే ప్లగ్గు పీకేయండి.

80 వేలను నేనైతే ఇలా పంచుతాను: కార్డ్‌కు 36 శాతం, ప్రాసెసర్, బోర్డ్, ర్యామ్ మూడింటికీ కలిపి 33, మానిటర్‌కు 13, ఎస్ఎస్‌డీకి 8, ఎస్ఎంపీఎస్‌కు 6, క్యాబినెట్‌కు 4. రూపాయల్లో కాకుండా శాతాల్లో ఎందుకు చెప్పానంటే ధరలు వారం వారం మారుతున్నాయి. ఒకటి రెండు శాతం అటూ ఇటూ అయినా ఫర్వాలేదు, ఎస్ఎంపీఎస్ ఆరు మాత్రం నాలుగు కాకూడదు.

కొనే రోజు ఆన్‌లైన్ ధరలు ఫోన్‌లో పెట్టుకుని సీటీసీలో కనీసం మూడు దుకాణాలు తిరగండి. పారడైజ్ మెట్రోలో దిగితే దగ్గరే. వంద, రెండొందలు ఎక్కువైనా ఎదురుగా డబ్బాలు విప్పి బిగించే చోట తీసుకోండి. ప్రాసెసర్ డబ్బాలో సీలుతో ఉండాలి. ‘ట్రే’ అని విడిగా ఇచ్చేదానికి కంపెనీ వారంటీ ఉండదు, దుకాణం మాటే వారంటీ. జీఎస్టీ బిల్లులో ప్రతి పార్టు సీరియల్ నంబరూ ఉండాలి. డబ్బా మీది నంబరు, పార్టు మీది నంబరు ఒకటేనా అని మీరే చూసుకుని ఫోటోలు తీసుకోండి. ‘బిల్లు లేకుండా అయితే ఇంత తగ్గిస్తా’ అంటే ఒప్పుకోకండి, ఎనిమిది నెలల తర్వాత కార్డ్ పోతే మీ చేతిలో ఏమీ ఉండదు. ఖాళీ డబ్బాలన్నీ ఇంటికి తెచ్చుకోండి.

అక్కడే ఆన్ చేయించి బయోస్‌లో ర్యామ్ 16 జీబీ కనిపిస్తోందా చూడండి. డీడీఆర్4 అయితే ఎక్స్ఎంపీ, ఏఎం5 బోర్డ్ మీద డీడీఆర్5 అయితే ఎక్స్‌పో అనే సెట్టింగ్ ఆన్ చేయించండి, లేకపోతే మీరు డబ్బు పెట్టిన వేగంతో ర్యామ్ నడవదు. బండి మీద ఒళ్లో పెట్టుకుని తేవద్దు, బరువైన కార్డ్ గుంతల్లో ఊగి స్లాట్ విరుగుతుంది. క్యాబ్‌లో వెనక సీటు మీద, మదర్‌బోర్డ్ నేలకు సమాంతరంగా ఉండేలా పడుకోబెట్టి తెచ్చుకోండి. ఇంట్లో మానిటర్ కేబుల్‌ను బోర్డ్‌కు కాకుండా కార్డ్‌కు పెట్టండి. తర్వాత విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లోకి వెళ్లి హెర్ట్జ్ మార్చండి. 144 హెర్ట్జ్ మానిటర్ కొని ఏడాది పాటు 60 మీదే ఆడినవాళ్లు నాకు ఇద్దరు తెలుసు.

కొత్త కొటేషన్ మోడల్ నంబర్లతో రాయించుకున్నాక ఇక్కడే పెట్టండి, డబ్బు కట్టేలోపు చూసి చెబుతాను. ఎస్ఎంపీఎస్ లేబుల్ ఫోటో కూడా తీయండి, 12 వోల్ట్ గడి స్పష్టంగా కనిపించేలా.